పసివాడి సాక్ష్యం: కొట్టివేయనూ రాదు, గుడ్డిగా నమ్మనూ రాదు

కార్ఖానా (సికింద్రాబాదు): శామీర్‌పేట, తుర్కపల్లి వైపు పల్లెల నుంచి బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషనుకు వెళ్లేవారు అల్వాల్, తిరుమలగిరి దాటాక కార్ఖానా మీదుగానే పోతారు. 2022లో ఈ కార్ఖానా పోలీసు ఠాణాలో నమోదైన ఒక మైనరు బాలిక కేసు రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. తనపై జరిగిన అత్యాచారం గురించి ఆ బాలిక కొన్నాళ్ల పాటు ఎవరికీ చెప్పలేదు. ఆమె నడవడిలో మార్పు గమనించిన తల్లిదండ్రులు మానసిక నిపుణుల వద్దకు తీసుకుపోగా విషయం బయటపడింది. పోక్సో చట్టం కింద కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి.

ఇటువంటి కేసు ఏది వెలుగులోకి వచ్చినా పత్రిక చదివేవారి నోట, రచ్చబండ మీద, బస్సులో మొదట వినవచ్చే ప్రశ్న ఒకటే. ‘నిజంగా జరిగితే అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది చెడ్డవారు కారు. వారికి తెలిసిన తూకం అదే. అయితే ఆ తూకంరాళ్లు సరైనవేనా అన్నది విచారించదగిన సంగతి.

పిల్లల మాట విషయంలో మన సమాజం రెండు నాలుకలతో మాట్లాడుతూ ఉంటుంది. ‘బాలవాక్కు బ్రహ్మవాక్కు’ అంటారు. అదే నోటితో ‘పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ’ అని తీసిపారేస్తారు. తమకు అనుకూలంగా చెప్పినప్పుడు మొదటి సామెత, ప్రతికూలంగా చెప్పినప్పుడు రెండవది వాడుకోవడం కద్దు. దీనివల్ల రెండు రకాల అన్యాయాలు జరిగే ప్రమాదం ఉంది. నిజం చెప్పిన పసిబిడ్డ నోరు మూతపడి నేరస్థుడు అదే వీధిలో తిరుగుతాడు. లేదా ఎవరో నూరిపోసిన మాట పట్టుకొని నిర్దోషి జైలు పాలవుతాడు. ఈ రెంటినీ తప్పించాలంటే పిల్లల మాటను ఎలా వినాలో, ఎలా తూచాలో పెద్దలు నేర్చుకోవలసి ఉంది.

చట్టం ఏమంటోంది?

పిల్లవాడు సాక్ష్యం చెప్పడానికి పనికిరాడన్న అభిప్రాయం పల్లెల్లో బాగా పాతుకుపోయి ఉంది. ఇది పొరపాటు. 1872 నాటి సాక్ష్యాధికార చట్టం 118వ సెక్షను ప్రకారమే సాక్షికి కనీస వయస్సు అంటూ ఏదీ లేదు. అడిగిన ప్రశ్న అర్థం చేసుకొని, దానికి పొంతన గల జవాబు చెప్పగలిగిన వారెవరైనా సాక్షులే. 2024 జూలై 1 నుంచి ఆ పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. అందులోని 124వ సెక్షను కూడా ఇదే మాట చెబుతోంది.

అందుచేత జడ్జిగారు ముందుగా పిల్లవాణ్ణి నాలుగు చిన్న ప్రశ్నలు అడుగుతారు. నీ పేరేమిటి, ఏ తరగతి, అమ్మానాన్నలు ఏం చేస్తారు, అబద్ధం చెబితే మంచిదా కాదా, ఇలాంటివి. జవాబులు విని, ఈ బిడ్డకు అర్థం చేసుకొనే శక్తి ఉన్నదీ లేనిదీ కాగితం మీద నమోదు చేస్తారు. ప్రమాణం సంగతికి వస్తే, 1969 నాటి ప్రమాణాల చట్టం 12 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. నిజం చెప్పాలన్న బాధ్యత తెలిసి, ప్రమాణం అంటే ఏమిటో తెలియని బిడ్డ చేత ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు.

ఈ విషయం 1951లోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రాజస్థాన్‌కు చెందిన ఎనిమిదేళ్ల బాలిక కేసు అది. ఆమె చేత ప్రమాణం చేయించలేదు గనుక సాక్ష్యం చెల్లదని ముద్దాయి తరఫున వాదించారు. జస్టిస్ వివియన్ బోస్ ఆ వాదన అంగీకరించలేదు. ప్రమాణం లేనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదన్నారు. మరొకరి సాక్ష్యంతో బలపడాలన్నది జాగ్రత్త కోసం పాటించే పద్ధతే తప్ప, అది లేకపోతే శిక్ష వేయరాదన్న కట్టుబాటు చట్టంలో లేదని కూడా ఆ తీర్పు స్పష్టపరిచింది.

తరువాతి తీర్పులూ ఇదే దారిన నడిచాయి. బిడ్డ సాక్ష్యం నమ్మదగినదని తేలితే ఆ ఒక్క సాక్ష్యం మీదనే శిక్ష వేయవచ్చునని 1997లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు ఇతరుల మాటలకు త్వరగా లోబడతారు గనుక వారి సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా పరిశీలించాలని 1998లో ఉత్తరప్రదేశ్ కేసులో హెచ్చరించింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక హత్య కేసులో 2008లో ఈ రెండు మాటలనూ కలిపి చెప్పింది. అనగా, చిన్నపిల్ల అన్న ఒక్క కారణంతో సాక్ష్యం కొట్టివేయరాదు, పరీక్షించకుండా ఒప్పుకోనూ రాదు.

ఆలస్యమైతే అబద్ధమేనా?

ఇక కార్ఖానా కేసులో తలెత్తిన ప్రశ్నకు వద్దాం. చెప్పడంలో ఆలస్యమే అబద్ధానికి గుర్తు అయితే, దేశంలో చాలామంది పిల్లలు అబద్ధాలకోరులే కావాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రకటించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడగగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నట్లు చెప్పారు. అందులో అత్యధికులు ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే, పెద్దరికం చెలాయించే స్థానంలో ఉన్నవారే. నాడు సర్వే జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. వేధింపులు ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల జాబితాలో దాని పేరూ ఉండటం గమనార్హం.

పిల్లలు ఎందుకు చెప్పరు? కారణాలు వెతకడానికి పట్నం పోనక్కరలేదు. చెబితే దెబ్బలు పడతాయన్న భయం, ‘నువ్వే ఏదో చేసి ఉంటావు’ అంటారన్న బెంగ, బడి మాన్పిస్తారన్న దిగులు, అవతలివాడు బాబాయో, మేనమామో, పంతులుగారో, ఆసామి కొడుకో కావడం. పిల్లవాడైతే మరీ కష్టం, మగపిల్లవాడికి ఇలాంటివి జరుగుతాయంటే నమ్మేవారే తక్కువ. జరిగిన దానికి పేరు తెలియని వయస్సులో బిడ్డ ఏమని చెబుతుంది? కడుపునొప్పి అంటుంది, బడికి పోనంటుంది, రాత్రి పక్క తడుపుతుంది. ఇవి చూసినంత మాత్రాన ఏదో జరిగిందని తీర్మానించరాదు. అయితే పక్కన కూర్చొని అడగవలసిన సమయం వచ్చిందని మాత్రం గ్రహించాలి.

ఆలస్యం గురించి ఇటీవల సుప్రీంకోర్టు చెప్పిన మాట ఊరూరా తెలియవలసినది. 2003లో మధ్యప్రదేశ్‌లో ఒక మహిళ తన ఇంట్లోనే రాత్రి వేళ హత్యకు గురైంది. శవాన్ని రహస్యంగా దహనం చేశారు. చూసినది ఏడేళ్ల కూతురు ఒక్కతే. ముద్దాయి ఆ బిడ్డ తండ్రి. పోలీసులు ఆమె వాఙ్మూలం తీసుకొనేసరికి 18 రోజులు గడిచాయి. కింది కోర్టు ఆమెను నమ్మి శిక్ష వేసింది. హైకోర్టు ఆ ఆలస్యం తదితర కారణాలు చూపి కేసు కొట్టివేసింది. 2025 ఫిబ్రవరి 24న జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం హైకోర్టు తీర్పును రద్దు చేసి శిక్షను పునరుద్ధరించింది. ఆలస్యం ఒక్కటే కారణంగా బిడ్డ సాక్ష్యాన్ని తోసిపుచ్చరాదని తేల్చింది. ఆ బిడ్డ మాట నిలబడటానికి 21 ఏళ్లకు పైగా పట్టిందన్న మాట.

మొహం చూసి చెప్పగలమా?

‘మొహం చూస్తే తెలిసిపోతుంది’ అన్నది పెద్దలు గట్టిగా నమ్మే మరొక మాట. తడబడితే అబద్ధం, తల దించుకుంటే అబద్ధం, ఏడిస్తే నిజం, ఏడవకపోతే కట్టుకథ. ఈ లెక్కలు పరీక్షకు నిలవడం లేదు. పిల్లలు చెప్పే నిజానిజాలను పెద్దలు ఎంతవరకు పసిగట్టగలరో వివిధ దేశాల్లో పరిశోధనలు జరిగాయి. వాటన్నిటినీ గుదిగుచ్చి 2017లో అమెరికా పరిశోధకులు లెక్క తీస్తే, నూటికి 54 సార్లు మాత్రమే పెద్దలు సరిగా చెప్పగలిగారు. బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు సరిపోతుంది. పోలీసులు, కస్టమ్స్ అధికారుల వంటి అనుభవజ్ఞులు కూడా సామాన్యుల కంటే పెద్దగా మెరుగు కాదని మరికొన్ని పరిశోధనల్లో తేలింది.

తల దించుకోవడం సంగతే చూడండి. పెద్దల ఎదుట కళ్లలోకి చూసి మాట్లాడరాదని మన ఇళ్లలో మనమే నేర్పుతాం. ఠాణాలోనో, కోర్టులోనో ఆ బిడ్డ తల దించుకుంటే మాత్రం ఏదో దాస్తోందంటాం. ఏడుపు సంగతీ అంతే. అమెరికాలో నమూనా జ్యూరీలతో చేసిన ప్రయోగంలో కంటనీరు పెట్టుకున్న బిడ్డను నమ్మినంతగా, ప్రశాంతంగా చెప్పిన బిడ్డనుగాని, బిగ్గరగా ఏడ్చిన బిడ్డనుగాని నమ్మలేదు. చెప్పిన మాటలు మాత్రం ముగ్గురివీ ఒక్కటే. నిజానికి బెదిరిపోయిన బిడ్డ చాలాసార్లు రాయిలా బిగుసుకుపోయి, వేరొకరికి జరిగినట్లు చెబుతుంది. అది అబద్ధానికి గుర్తు కాదు.

తేదీలు, లెక్కలు కూడా ఇటువంటివే. ఆరేళ్ల బిడ్డను ఎన్నిసార్లు జరిగింది, ఏ తారీఖున, ఎన్ని గంటలకు అని గుచ్చి గుచ్చి అడిగితే ఒకసారి రెండు అంటుంది, మరోసారి ఐదు అంటుంది. వెంటనే ‘మాట మార్చింది’ అంటారు. గడియారం చూడటం రాని వయస్సులో గంటలు ఎలా చెబుతుంది? అదే బిడ్డను ‘బోనాలకు ముందా తరువాతా’, ‘బడి ఉన్న రోజా లేని రోజా’, ‘అప్పుడు అమ్మ ఎక్కడ ఉంది’ అని అడిగితే చెప్పగలదు. చిన్నచిన్న పొంతనలు లేకపోవడం నిజమైన జ్ఞాపకానికి సహజం. అన్నిసార్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకే రకంగా చెబితేనే అనుమానించవలసి ఉంటుంది. పాఠం అప్పజెప్పినట్లుంటే, ఆ పాఠం ఎవరు నేర్పారన్న ప్రశ్న వస్తుంది.

నూరిపోసిన మాటల ప్రమాదం

నాణానికి రెండో వైపూ ఉంది. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, భార్యాభర్తల వ్యాజ్యాలు, ఊళ్లో పార్టీల కక్షలు, వీటిలోకి పిల్లలను లాగే పెద్దలు లేకపోలేదు. కావాలని నేర్పేవారు కొందరైతే, తెలియకుండా నేర్పేవారు ఇంకా ఎక్కువ. రెండవ రకమే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు, అడిగేవారికీ తెలియదు, చెప్పే బిడ్డకూ తెలియదు.

ఈ సంగతి వందేళ్ల కిందటే బయటపడింది. 1911 ప్రాంతంలో బెల్జియంలో వారెండాంక్ అనే మానసిక శాస్త్రవేత్త బడిపిల్లలను ‘ఫలానా పంతులుగారి గడ్డం ఏ రంగు?’ అని అడిగాడు. ఆ పంతులుగారికి అసలు గడ్డమే లేదు. అయినా ఏడెనిమిదేళ్ల పిల్లల్లో అత్యధికులు ఏదో ఒక రంగు చెప్పారు. పెద్దవారు అడిగారంటే గడ్డం ఉండే ఉంటుందని అనుకున్నారు. ఇది అబద్ధం చెప్పడం కాదు, పెద్దల మాటకు విలువ ఇవ్వడం.

1995లో అమెరికాలో జరిగిన మరో ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. ఒక శిశు తరగతి గదిలోకి ఒక మనిషి వచ్చి, రెండు నిమిషాలు ఉండి, ఏమీ చేయకుండా వెళ్లిపోయాడు. కొందరు పిల్లలకు ముందుగానే ‘అతను తొట్రుపాటు మనిషి, అన్నీ పాడు చేస్తాడు’ అని చెప్పి పెట్టారు. ఆ తరువాత పది వారాల పాటు ‘పుస్తకం చించాడు కదా, కోపంతో చించాడా’ అన్న ధోరణిలో పదే పదే అడిగారు. చివరకు మూడు నాలుగేళ్ల పిల్లల్లో 72 శాతం మంది అతను ఏదో పాడు చేశాడని చెప్పారు. అలా చెప్పి పెట్టని, అలా అడగని పిల్లలు మాత్రం చాలావరకు ఉన్నది ఉన్నట్లే చెప్పారు. ఈ ప్రయోగంలో గ్రహించవలసినది రెండు ముక్కలు. పసిపిల్లల జ్ఞాపకాన్ని చెడగొట్టడం సులువు. చెడగొట్టకపోతే అదే జ్ఞాపకం నమ్మదగినది.

చెడగొడితే ఏమవుతుందో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చూసింది. అక్కడ మెక్‌మార్టిన్ శిశు పాఠశాల నిర్వాహకులపై 1983లో ఆరోపణలు వచ్చాయి. వందలాది పిల్లలను బొమ్మలు చేతికిచ్చి, ‘మిగతా పిల్లలు అప్పుడే చెప్పేశారు, నువ్వూ చెబితే తెలివైన పిల్లవు’ అన్న ధోరణిలో ప్రశ్నించారు. పిల్లలు నమ్మశక్యంకాని కథలు చెప్పసాగారు. ఏళ్ల తరబడి విచారణ సాగి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. నిందపడినవారి జీవితాలు బుగ్గి అయ్యాయి. ఆ పిల్లల్లో ఎవరికైనా నిజంగా ఏదైనా జరిగి ఉంటే అది కూడా తప్పుడు ప్రశ్నల కింద పూడుకుపోయింది.

అందుకే 2025 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఒక ఉపాయం చెప్పింది. నేర్పిన మాట ఉన్నట్లు అనుమానం వస్తే సాక్ష్యమంతటినీ పారవేయవద్దని, నేర్పిన భాగాన్ని, స్వయంగా చెప్పిన భాగాన్ని వేరుచేసి, రెండవ దానిపై నమ్మకం కుదిరితే దానిని తీసుకోవాలని సూచించింది. రైతులకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, తాలు ఉన్నదని ధాన్యం కుప్పనంతా తగలబెట్టరాదు, తూర్పారబట్టుకోవాలి.

అడిగే తీరులోనే ఉంది కిటుకు

బిడ్డ మాట ఎంత గట్టిదన్నది చాలావరకు మొదట విన్న పెద్దమనిషి చేతిలోనే ఉంటుంది. ఆ పెద్దమనిషి జడ్జీ కాదు, ఇన్‌స్పెక్టరూ కాదు. అమ్మ, అమ్మమ్మ, అంగన్‌వాడీ టీచరు, పక్కింటి అక్క. అక్కడ పొరపాటు జరిగితే తరువాత ఎంత పెద్ద ప్లీడరూ సరిదిద్దలేడు.

పిల్లలను ప్రశ్నించే పద్ధతులపై పరిశోధనలు చేసినవారు ముఖ్యంగా చెప్పేది ఒకటే, బిడ్డ చేత చెప్పించాలి గాని, బిడ్డకు చెప్పరాదు. ‘ఫలానావాడు నిన్ను కొట్టాడా?’ అన్నది తప్పు ప్రశ్న. ‘ఏం జరిగిందమ్మా, మొదటి నుంచి చెప్పు’ అన్నది సరైన ప్రశ్న. ‘తరువాత?’, ‘ఇంకేమైనా గుర్తుందా?’, ఇంతకు మించి చాలాసార్లు అక్కరలేదు. ‘తెలియదు’ అనడం తప్పు కాదని బిడ్డకు ముందే చెప్పాలి. చెబితే మిఠాయి ఇస్తామనరాదు, చెప్పకపోతే పోలీసులకు పట్టిస్తామనరాదు.

ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం మరో పెద్ద తప్పు. బడిలో పంతులుగారు లెక్క అడిగి, జవాబు విని, మళ్లీ అదే లెక్క అడిగారంటే మొదటి జవాబు తప్పని పిల్లలందరికీ తెలుసు. వెంటనే జవాబు మారుస్తారు. ఇంట్లోనూ అదే జరుగుతుంది. తండ్రి అడిగి, పెదనాన్న అడిగి, మేనత్త అడిగి, చివరకు ఊరంతా అడిగేసరికి బిడ్డ జవాబు నాలుగు విధాలుగా మారుతుంది. ఆ నాలుగింటినీ ముద్దాయి తరఫు ప్లీడరు కోర్టులో వరుసగా పెడతాడు.

కాబట్టి విన్నవారు బిడ్డ ఏ మాటలతో చెప్పిందో అవే మాటలతో, తేదీ వేసి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు. తాము ఏమని అడిగారో కూడా రాయాలి. పెద్దల మాటలు అందులో కలపరాదు. తరువాత 1098 బాలల సహాయవాణికి ఫోను చేయవచ్చు, జిల్లాలోని సఖి కేంద్రానికి వెళ్లవచ్చు, లేదా నేరుగా ఠాణాకు చెప్పవచ్చు. లైంగిక నేరం అని తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో చట్టం కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడదగిన నేరం.

రచ్చబండ పంచాయతీలు

పల్లెల్లో ఇలాంటి వ్యవహారాలు మొదట చేరేది పెద్దమనుషుల వద్దకే. పదిమంది మగవారి మధ్య, నిందపడినవాడి ఎదుటనే, బిడ్డను నిలబెట్టి ‘దేవుడి మీద ఒట్టేసి చెప్పు’ అని అడగడం కొన్నిచోట్ల ఆనవాయితీ. ఆ స్థితిలో బిడ్డ మౌనంగా ఉంటే ‘చూశారా, ఏమీ లేదు’ అని తేల్చేస్తారు. ఇందులో తేలేది నిజం కాదు, బిడ్డ భయమే. నిందితుడి కుటుంబం పలుకుబడి గలదైతే, బిడ్డ తల్లిదండ్రులు వారి పొలంలో కూలికి పోయేవారైతే ఇక చెప్పనక్కరలేదు.

డబ్బు ఇప్పించి రాజీ చేసే పద్ధతికి కూడా కోర్టులు తలుపులు మూసివేశాయి. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై విద్యార్థిని విషయంలో వచ్చిన పోక్సో కేసును, తండ్రితో రాజీ కుదిరిందన్న కారణంతో హైకోర్టు కొట్టివేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి కేసు నడపవలసిందేనని ఆదేశించింది. ఇటువంటి నేరాలు ఇరుపక్షాల సొంత వ్యవహారం కాదని చెప్పింది.

సదుపాయాలు ఉన్నాయి, తెలిసినవారే తక్కువ

2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం బిడ్డకు అనేక రక్షణలు కల్పించింది. వాఙ్మూలం బిడ్డ ఇంట్లోగాని, బిడ్డ కోరిన చోటగాని తీసుకోవాలి. వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువ కాని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫారం వేసుకోరాదు. బిడ్డను రాత్రిపూట ఏ కారణంతోనూ ఠాణాలో ఉంచరాదు. బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండాలి. కోర్టులో ప్లీడర్లు బిడ్డను నేరుగా ప్రశ్నించరాదు. తమ ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడుగుతారు. నిందితుడు బిడ్డ కంట పడకుండా చూడాలి. మాటిమాటికి కోర్టుకు తిప్పరాదు. కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలని, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం నిర్దేశించింది. బిడ్డ కుటుంబానికి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా ప్లీడరును పొందే హక్కు కూడా ఉంది.

హైదరాబాదులో 2016లో ప్రారంభమైన భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగు, వాఙ్మూలం ఒకే చోట జరిగే ఏర్పాటు చేశారు. అక్కడే 2018లో పిల్లలకు అనువైన కోర్టును నెలకొల్పారు. బలహీన సాక్షుల కోసం ప్రత్యేక గదులు అన్ని రాష్ట్రాల్లోనూ ఏర్పాటు చేయాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టులను ఆదేశించింది. మామూలు కేసుల్లోనూ, 15 ఏళ్లలోపు పిల్లవాణ్ణి సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావలసి ఉంటుంది గాని, ఠాణాకు రమ్మని పిలవరాదు. ఈ సంగతి తెలియక సాక్షి బిడ్డను చంకనేసుకొని ఠాణా చుట్టూ తిరిగే తల్లులు ఉండరాదు.

ముద్దాయికీ న్యాయం కావాలి

పోక్సో చట్టంలోని తీవ్రమైన నేరాల్లో ముద్దాయి తప్పు చేసినట్లుగానే కోర్టు భావించి, కాదని నిరూపించుకొనే భారం అతనిపై పెడుతుంది. అందుచేత బిడ్డ మాటను నిష్పక్షపాతంగా తూచడం మరింత అవసరం. బిడ్డ తప్పు చెప్పినా బిడ్డకు శిక్ష లేదు. అయితే అవమానించడానికో, డబ్బు గుంజడానికో పెద్దలు తప్పుడు ఫిర్యాదు ఇస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది.

తూకం ఎలా ఉండాలో హైదరాబాదులోనే ఒక ఉదాహరణ ఉంది. బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల బాలికపై అఘాయిత్యం జరిగినట్లు 2022 అక్టోబరులో వెల్లడైంది. బిడ్డ నడవడిలో మార్పే తల్లిదండ్రులకు మొదటి సూచన. ఆరు నెలల్లోనే, 2023 ఏప్రిల్‌లో, కోర్టు డ్రైవరుకు 20 ఏళ్ల శిక్ష విధించింది. అదే కేసులో రెండో నిందితురాలైన ప్రిన్సిపాలును నిర్దోషిగా విడుదల చేసింది. ఎవరి మీద ఉన్న ఆధారాన్ని వారి మీదనే విడివిడిగా తూచారన్న మాట. ఊళ్లో జనం ఆవేశంలో అందరినీ ఒకే గాటన కడతారు. కోర్టు అలా కట్టరాదు, కట్టలేదు.

కార్ఖానా బాలికను తల్లిదండ్రులు ‘ఎందుకు చెప్పలేదు’ అని నిలదీసి ఊరుకొని ఉంటే ఆ కేసు ఠాణా గడప తొక్కేదే కాదు. వారు చేసిన పని నడవడిలో మార్పు గమనించడం, తెలిసినవారి వద్దకు తీసుకుపోవడం. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు.

గ్రామ పంచాయతీలు, పాఠశాల యాజమాన్య కమిటీలు, మహిళా సంఘాలు ఈ విషయంపై ఏడాదికి ఒక్క సమావేశమైనా జరపడం అవసరం. మండల న్యాయ సేవా కమిటీలను పిలిస్తే వచ్చి చట్టం వివరిస్తారు. బిడ్డను ఏమని అడగాలో, ఏమని అడగరాదో అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇప్పించే బాధ్యత జిల్లా అధికారులు తీసుకోవలసి ఉంది. బడి గోడ మీద 1098 సంఖ్య రాయించడానికి డబ్బా రంగు, గంట సమయం చాలు. ఆ సంఖ్య రాయని బడి జిల్లాలో ఒక్కటి కూడా ఉండరాదు.